పడమటి మూల కప్ప

ఆ ఏడు మా నలుగుర్నీ కప్పల్ని చేశారు.

నాకు తొమ్మిదేళ్లు, చుయ్‌కి పది.
మో, ఎక్ ఇద్దరికీ ఇంకా పాలపళ్లు ఊడలేదు.
కర్రల పీఠం నాలుగు కాళ్లకీ
మా కుడికాళ్లు నారతాడుతో కట్టేసి
రోజులు లెక్కపెట్టే ముసలాయన చెప్పాడు:
తూర్పు ఎరుపు. ఉత్తరం తెలుపు. దక్షిణం పసుపు.
నీది పడమర, నలుపు, పొద్దు చచ్చే దిక్కు.
గట్టిగా అరు.

మూడేళ్లుగా వానలు మొహం చాటేశాయి.
మొక్కజొన్న మోకాలెత్తు దాటలేదు.
మనిషిని జొన్నపిండితో పిసికారని కదా మావాళ్ల మాట,
మరి కంకి ఎండితే
ఎండుతున్నదెవరో వేరే చెప్పాలా?
మా అమ్మ సన్నికల్లు మీద ఉత్త రాయి ఆడించేది,
పొరుగింటికి చప్పుడైనా వినపడాలని.

చాక్ దేవుడు మబ్బుల్లో గొడ్డలి పట్టుకుని కూర్చుంటాడు.
ఆయన వాయిద్యగాళ్లు కప్పలు.
అవి పాడందే ఆయన లేవడు.
అసలు కప్పలేమో మన్ను కప్పుకుని
ఎంత తవ్వినా దొరకనంత లోతున పడుకున్నాయి.
అందుకని మేం.

పీఠం మీద పదమూడు పొరల రొట్టె,
పదమూడు ఆకాశాలకి లెక్క సరిగ్గా,
పొరల నడుమ గుమ్మడిగింజల పొడి.
బాల్చే బెరడు నానేసిన తేనెకల్లు.
రాళ్లు చెక్కే మా నాన్న చెవితమ్మె పొడుచుకుని
బెరడు కాగితం మీద నెత్తురు రాల్చాడు.
అది కాలుతుంటే పొగ పాములా పైకి లేచింది.
ఆ పొగలో ఎవరి తాతని వాళ్లు వెతుక్కున్నారు.

మేం అరిచాం.
ఊవో. ఊవో. ఊవో.
ఎక్‌కి గొంతు పోయి ఏడుపొచ్చింది.
అదీ పనికొస్తుంది, ఏడవనీ అన్నారు.

అప్పుడు
పీఠం కింద కట్టేసిన టర్కీ కోడి
ముసలాయన గోచీ కొసని పొత్తు రేకనుకుని
ముక్కుతో లాగింది.

ఒక నవ్వు.
చిన్నది, ఆపుకున్న తుమ్ములాంటిది.

తలలన్నీ చుయ్ వైపు తిరిగాయి.
వాడి పై పెదవి పుట్టుకతోనే కాస్త పైకి లేచి ఉంటుంది,
ఏడ్చినా నవ్వినట్టే కనిపిస్తాడు.

వాన రాలేదు.

ముసలాయన ఏమీ అనలేదు. ఊరు అంది.
వాడి తల్లి ఇష్ కౌయిల్ నీళ్ల గుహలోకి దిగితే
పైనుంచి కుండ అందుకునే చెయ్యి లేకపోయింది.

ఏడాది కొసన
పేరు లేని అయిదు రోజులు వచ్చాయి.
ఎవరూ తల దువ్వరు. ఎవరూ గడప దాటరు.
పాతాళం తలుపులు ఓరగా తెరుచుకునే రోజులు.
వాళ్లు ఆ రోజుల్లోనే వెళ్లిపోయారు,
చూసేవాళ్లు ఉండరు కదా.
తడిక సందులోంచి నేను చూశాను.
చుయ్ వీపున తేనెటీగల దుంగ,
కుట్టని ఈగలు.

తర్వాత పదకొండో రోజున
వాన కుండపోతగా కురిసింది.
చూశారా, అన్నారు అందరూ.

ఇప్పుడు నేను ఉప్పుమడుల ఊళ్లో ముసలివాణ్ణి.
మా ఊరూ తర్వాత ఖాళీ అయిపోయింది.
నాన్న సగం చెక్కిన రాతిలో ఆ ఏటి లెక్క
సగంలోనే ఆగిందనీ,
మిగతాది తెల్లబూరుగు వేళ్లు చెక్కుతున్నాయనీ
ఈకల వర్తకుడొకడు చెప్పిపోయాడు.

రేపో మాపో నా నోట్లో
ఇంత జొన్నపిండీ ఒక పచ్చపూసా పెడతారు,
కింది లోకం దారిలో తినడానికి, కొనడానికి.
నోరు నిండాక మాట పెగలదు.
అందుకని ఇప్పుడే:

నవ్వింది నేను.

రాత్రి వాన పడింది.
మన్ను చీల్చుకుని కప్పలు లేచాయి, ఊవో, ఊవో.
ఏమంటున్నాయి తాతా అని అడిగింది మనవరాలు.
పాడుతున్నాయి, పడుకో అన్నాను.
కుడి చీలమండ దగ్గర
తాడు ఒరుసుకున్న చోట
గోకుతూ కూర్చున్నాను తెల్లారేదాకా.